రెండు పాడావులకు ఆంబోతును పెంచాలా, సూది వేయించాలా?

మీరు అడిగింది ఇదీ: ఎకరన్నర పొలం, ఇంటి వెనక కొట్టం. మూడో ఈత జెర్సీ సంకర ఆవు ఈని రెండున్నర నెలలైంది, దాని పెయ్యదూడ ఉంది. ఒంగోలు పోలికలున్న ఇరవై నెలల పడ్డ ఇంకొకటి. ఇంటికి పాలు కావాలి, మిగిలితే పాల కేంద్రానికి పోస్తారు. కోడెదూడను కొని ఆంబోతుగా పెంచుకోవాలా, ఊళ్లో తిరిగే ఆంబోతుతో దాటించాలా, సూది (ఆంబోతు వీర్యాన్ని గన్నుతో గర్భసంచిలోకి ఎక్కించడం, కృత్రిమ గర్భధారణ) వేయించాలా? సూదే అయితే విదేశీ పాల జాతి హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్‌ఎఫ్‌తో పాలు పెరుగుతాయా, ఆడదూడలే పుట్టే సూది మంచిదా?

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆంబోతు వద్దు, రెంటికీ సూదే వేయించండి. హెచ్‌ఎఫ్ రెంటికీ వద్దు. జెర్సీ సంకరానికి ఈసారి ఎద రాగానే మన దేశవాళీ పాల జాతి సాహివాల్ గానీ, యాభై శాతం జెర్సీ సంకర ఆంబోతు వీర్యం గానీ వేయించండి. పడ్డకు ఇప్పుడే తొందర లేదు. అది 250 కిలోల బరువు చేరాక ఒంగోలు వీర్యమే వేయించండి. ఆడదూడల సూది సంగతి కింద విడిగా రాస్తాను. అయితే ఏ జాతి వీర్యం అన్నదాని కంటే మీ ఇంట్లో ఎవరు, రోజుకు ఎన్నిసార్లు ఆవు వెనక నిలబడి చూస్తారన్నదే ఎక్కువ ముఖ్యం. ఎద పట్టుకోలేని ఇంట్లో ఎంత మంచి వీర్యమైనా వృథా అవుతుంది.

ఆంబోతు ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. ఎదిగిన ఆంబోతుకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చగడ్డి, ఐదారు కిలోల ఎండుగడ్డి, మూడు కిలోల దాణా కావాలి. దాణా ఒక్కటే ఏడాదికి సుమారు 1,100 కిలోలు. కిలో 28 రూపాయలు వేసుకున్నా ముప్పై వేలు దాటుతుంది. దానికి మీ ఇంట్లో ఉండే పని ఏడాదికి నాలుగైదుసార్లు. ఒక ఆంబోతు యాభై అరవై ఆవులకు సరిపోతుంది. రెండు ఆవుల కోసం దాన్ని మేపడమంటే ఎకరన్నరలో ఒక పాడావు తినాల్సిన మేతను దానికి పెట్టడమే. పైగా రెండేళ్లు తిరిగేసరికి దాని కూతుళ్లే ఎదకు వస్తాయి. తండ్రిని కూతురిపై దాటిస్తే దూడలు బక్కగా పుట్టడం, ఎదుగుదల లేకపోవడం, తర్వాత చూలు నిలవకపోవడం మొదలవుతాయి. జెర్సీ ఆంబోతులు మూడేళ్లు దాటాక మనిషి మీదికి వస్తాయి. పిల్లలున్న ఇంట్లో అది ఊరికే కట్టేసి ఉంచే జంతువు కాదు.

ఊళ్లో తిరిగే ఆంబోతు సంగతి వేరు. ఒకప్పుడు అచ్చోసిన ఆంబోతు అంటే ఊరంతా కలిసి ఎంచిన కోడె. తల్లి పాలు, తండ్రి పొడవు, మూపురం, కాళ్లు చూసి, అచ్చు వేసి వదిలేవారు. ఊరే మేపేది. ఒంగోలు జాతికి ఆ పొడవూ బలమూ నిలవడంలో ఆ ఆచారానికి పెద్ద పాత్ర ఉంది. ఇప్పుడు రోడ్ల మీద తిరిగేవి చాలావరకు ఎవరూ ఎంచినవి కావు. అమ్ముడుపోక వదిలేసిన సంకర కోడెలే ఎక్కువ. వాటి తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరికీ తెలియదు. బ్రూసెల్లా, ట్రైకోమోనాస్, విబ్రియో లాంటి రోగాలు ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు దాటుతో పాటే పోతాయి. చూలు నిలిచి రెండు మూడు నెలలకు కరిగిపోవడం, ఎద తేదీలు 30, 40 రోజులకు జరిగిపోవడం చాలా ఊళ్లలో అలాంటి ఆంబోతు వల్లే.

ఆంబోతు తప్పనిసరయ్యే చోట్లు ఉన్నాయి, కాదనను. సూది వేసే మనిషి ఆరు గంటల్లో రాలేని ఏజెన్సీ ఊరు, ఎద లక్షణాలు బయటపడని మూగ ఎద ఆవులు, పదిహేను ఇరవై పశువుల మంద. అలాంటప్పుడు మూడు నుంచి ఏడేళ్ల వయసున్న, బ్రూసెల్లా పరీక్ష చేయించిన, వృషణాలు రెండూ సమానంగా ఉన్న ఆంబోతునే వాడండి. మీ ఊరికి వచ్చి మూడేళ్లు దాటిన ఆంబోతైతే మీ పెయ్య దాని కూతురు కాదని తేల్చుకున్నాకే దాటించండి.

ఇక ఎద పట్టడం. ఆవుకు ఎద సగటున 21 రోజులకోసారి, 18 నుంచి 24 రోజుల మధ్య వస్తుంది. సంకర ఆవులో అది 12 నుంచి 18 గంటలు ఉంటుంది. ఒంగోలు, సాహివాల్ లాంటి మన జాతుల్లో పది పన్నెండు గంటలకే తీరిపోతుంది, అదీ చాలాసార్లు రాత్రిపూటే. ఎద మొదలైన 24 నుంచి 32 గంటలకు అండం విడుదలవుతుంది, వీర్యం అంతకు కొన్ని గంటల ముందే లోపల ఉండాలి. అందుకే పాత సూత్రం: ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది. మీ ఒంగోలు పడ్డ విషయంలో మాత్రం పన్నెండు గంటలు నిండేదాకా ఆగకండి, ఎనిమిది గంటలకే వేయించండి.

సందేహం ఎక్కడ వస్తుందంటే, తెల్లవారుజామున చూసినప్పుడు ఎద ఆ క్షణానే మొదలైందా, రాత్రి పదకొండుకే మొదలైందా అన్నది. దానికి మార్గం రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి టార్చి వేసి చూడటం. రాత్రి లేదు, ఐదింటికి ఉంది అంటే సాయంత్రం నాలుగైదు గంటలకు సూది సరిపోతుంది. రాత్రి చూడలేదు, పొద్దున మానం నుంచి జిగురు తీగలు బాగా కారుతున్నాయి అంటే పదకొండు గంటలకే వేయించేయండి.

ఏం చూడాలి? మంద ఉన్నచోట తిరుగులేని గుర్తు ఒకటే: ఇంకో పశువు మీదెక్కితే కదలకుండా నిలబడటం. ఒంటరిగా కట్టేసిన ఆవులో అది తెలియదు. కాబట్టి రోజుకు అరగంట రెంటినీ విప్పి ఒకచోట వదలండి. మిగతా గుర్తులు: కోడిగుడ్డు తెల్లసొన లాంటి తీగ తోకకూ తొడకూ అంటుకోవడం, మానం ఉబ్బి లోపల ఎర్రబడటం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, అరవడం, మేత మీద ధ్యాస లేకపోవడం, ఆ పూట అర లీటరో లీటరో పాలు తగ్గడం. పడుకున్న చోట నేల మీద తీగ జారి ఉంటుంది, పేడ ఎత్తేముందు అక్కడ చూడండి. తీగ అద్దంలా తేటగా ఉండాలి. అందులో తెల్లటి చీము నలుసులు కనిపిస్తే గర్భసంచిలో వాపు ఉందన్నమాట. ఆ ఎదకు సూది వద్దు, డాక్టరు చేత మందు పెట్టించి తర్వాతి ఎదకు వేయించండి. చీము మీద వేసిన సూది ఎన్నిసార్లు వేసినా నిలవదు. ఎద తీరిన రెండో మూడో రోజు తోకకు కాస్త రక్తం కనిపించడం మామూలే. అది చూలు నిలిచిందనీ కాదు, పోయిందనీ కాదు. మీరు ఎద గమనించకుండా ఆ రక్తం మాత్రం చూశారనుకోండి, తేదీ రాసుకుని అక్కడి నుంచి పదహారో రోజు మొదలుకొని కాపు కాయండి.

ఇప్పుడు మీ జెర్సీ సంకరం. ఈనాక గర్భసంచి పూర్వస్థితికి రావడానికి 40 నుంచి 45 రోజులు పడుతుంది. 60 నుంచి 90 రోజుల మధ్య కట్టించడం సరైన సమయం, మీరు 75వ రోజు దగ్గర ఉన్నారు. నాలుగు నెలలు దాటనిస్తే ఏడాదికో దూడ అన్న లెక్క తప్పుతుంది, తర్వాతి ఈతకు ముందు ఐదారు నెలలు వట్టి ఆవును మేపాల్సి వస్తుంది. ఈనాక ఇంతవరకు ఒక్కసారీ ఎద కనిపించకపోతే సూది కోసం ఎదురుచూడటం కాదు, డాక్టరుతో అండాశయాలు పరీక్ష చేయించండి.

ఏ వీర్యం అన్నదానికి రక్తం లెక్క తెలియాలి. యాభై శాతం జెర్సీ రక్తమున్న ఆవుకు అసలు జెర్సీ వేయిస్తే పుట్టేది 75 శాతం. హెచ్‌ఎఫ్ వేయించినా అంతే, విదేశీ రక్తం 75కి పోతుంది. కాగితం మీద పాలు పెరుగుతాయి. కానీ మన ఏప్రిల్, మే ఎండలకు ఆ దూడ రొప్పుతుంది, గోమార్లు పట్టి థైలేరియా జ్వరం, ఎర్రమూత్రం తెచ్చుకుంటుంది, దాణా కాస్త తగ్గిస్తే ఎదకే రాదు. ఫ్యానూ నీటి తుంపర్లూ, ఏడాది పొడవునా పచ్చగడ్డీ ఉన్న డెయిరీల్లో అది నడుస్తుందేమో గానీ ఎకరన్నర ఇంటి కొట్టంలో నడవదు. విదేశీ రక్తం యాభై దగ్గర ఆపండి, ఎంతైనా మూడింట రెండు వంతులు దాటనివ్వకండి.

అందుకే రెండు దారులు. ఒకటి, యాభై శాతం జెర్సీ సంకర ఆంబోతు వీర్యం. దూడా యాభై దగ్గరే ఉంటుంది, మొదటి తరం సంకరానికి ఉండే ఊపు కొంత తగ్గుతుంది. రెండోది తరం మార్చి తరం. ఈసారి సాహివాల్ (దూడ 25 శాతం), ఆ దూడ పెద్దదయ్యాక జెర్సీ (62.5), దాని దూడకు మళ్లీ సాహివాల్ (31). ఇలా ఎన్ని తరాలు తిప్పినా విదేశీ రక్తం మూడింట రెండు వంతుల దగ్గరే ఆగుతుంది, దాటి పోదు. ఇంట్లో పుట్టిన పెయ్యలనే పాడికి నిలబెట్టుకునే వాళ్లకు నాకు నచ్చే పద్ధతి ఇదే. మీ ఆవు రక్తం ఎంతో తెలియకపోతే దాన్ని చూడండి: మూపురం జాడే లేక, గంగడోలు పలచగా, మొహం పల్లంగా జెర్సీలా ఉంటే 62 దాటిందనే అనుకుని సాహివాల్ వేయించండి. సాహివాల్ దొరక్కపోతే గిర్, అదీ మన దేశవాళీ పాల జాతే.

పడ్డ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఎదకు వచ్చింది కదా అని కట్టించేస్తారు. ఎద రావడం వేరు, దూడను మోసే ఒళ్లు ఉండటం వేరు. వయసు కాదు, బరువు చూడండి. కాటా అక్కర్లేదు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరి దాకా పొడవు, రెండూ అంగుళాల్లో టేపుతో కొలవండి. చుట్టుకొలతను అదే చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టు 54, పొడవు 46 ఉంటే 203 కిలోలు, ఇంకా ఆగాలి. చుట్టు 58, పొడవు 50 అయితే సుమారు 255, కట్టించొచ్చు. ఈలోగా రోజుకు కిలోన్నర దాణా, ఖనిజ లవణ మిశ్రమం 30 గ్రాములు ఇవ్వండి, నట్టల మందు తాగించండి.

దానికి ఒంగోలు వీర్యమే ఎందుకంటే, మీకు పాలిచ్చే సంకర ఆవు ఎలాగూ ఉంది. పడ్డకు నిజంగా జాతి లక్షణాలు ఉంటే, అంటే తెల్లని ఒళ్లు, పొట్టి కొమ్ములు, మడతల గంగడోలు, నిలువు మూపురం ఉంటే, దాన్ని సంకరం చేసి పోగొట్టుకోవడం ఎందుకు? ఒంగోలు కోడెకూ పెయ్యకూ ప్రకాశం, గుంటూరు, నెల్లూరు వైపు ఇప్పటికీ అడిగి కొనేవారున్నారు. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతి మీదే పని జరుగుతోంది. గిర్ మోజులో ఒంగోలు ఆవుకు గిర్ వేయించడం మాత్రం చేయకండి. పుట్టేది ఒంగోలూ కాదు, గిరూ కాదు. లక్షణాలు లేని నాటు పడ్డే అని తేలితే జెర్సీ ఒక్క తరం వేయించండి. దూడ చిన్నది కాబట్టి తొలిచూలు కూడా తేలిగ్గా ఈనుతుంది. హెచ్‌ఎఫ్ దూడ 35 కిలోల దాకా ఉండొచ్చు, తొలిచూలు పడ్డలో అది అడ్డం తిరిగితే తల్లీ దూడా రెండూ పోయే ప్రమాదం. పుంగనూరు ఆవు ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దానికి పుంగనూరు వీర్యం తప్ప వేరేది వేయించొద్దు.

ఆడదూడల సూది. ఆడ వీర్యకణంలో మగదాని కంటే డి.ఎన్‌.ఎ. నాలుగు శాతం దాకా ఎక్కువ ఉంటుంది, ఆ తేడాతో యంత్రం వేరు చేస్తుంది. పదింట తొమ్మిది పెయ్యలు పుడతాయి, పదోది కోడె కావొచ్చు. అసలు ఇబ్బంది ఇంకోటి: మామూలు స్ట్రాలో (వీర్యం నింపిన సన్నని గొట్టం) సుమారు రెండు కోట్ల వీర్యకణాలుంటే ఇందులో ఇరవై లక్షల దాకే ఉంటాయి, అవీ యంత్రంలో నలిగి వచ్చినవి. నిలిచే అవకాశం తక్కువ. సమయం కూడా తప్పకూడదు, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య వేయాలి. కాబట్టి తేదీ తప్పకుండా ఎదకొచ్చే పడ్డలకు, ఒకటి రెండు ఈతల ఆరోగ్యమైన ఆవులకే అది తగినది. తిరగ పొర్లే, అంటే చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే ఆవుకు అది డబ్బు దండగ. మీ జెర్సీ సంకరానికి ఈని రెండున్నర నెలలే కాబట్టి, ఎద తేదీలు వరుసగా రెండు సరిగ్గా దొరికాకే దాని గురించి ఆలోచించండి. సంకర కోడెదూడను కొనేవారు లేక రోడ్డు మీదికి వదిలేయాల్సిన పరిస్థితి రాకూడదన్న మీ బాధ న్యాయమైనదే. అయితే ఏడాదికి రెండు పెయ్యలు పుడితే అవి పాలకు వచ్చేదాకా రెండున్నరేళ్లు మేపే గడ్డి ఎకరన్నరలో ఉందా అన్నదీ చూసుకోండి.

సూది రోజున ఆవును ఎండలో మైళ్లు నడిపించకండి. నీడన కట్టేయండి, గోపాలమిత్రనో (ఊళ్లలో సూది వేసే శిక్షణ పొందిన మనిషి) పశుసంవర్ధక సహాయకుణ్ణో ఇంటికే పిలవండి. ఎద కనిపించగానే ఫోన్ చేసి, సూది ఎన్నింటికి కావాలో చెప్పండి. వచ్చాక మూడు విషయాలు మీరే చూడండి. స్ట్రాను ద్రవ నత్రజని క్యాన్ నుంచి తీయగానే 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచాలి. చొక్కా జేబులోనో అరచేతిలోనో కరిగించిన స్ట్రాలో చాలా కణాలు చచ్చిపోతాయి. తర్వాత స్ట్రాను పొడిగా తుడవాలి, ఒక్క నీటిచుక్క లోపలికి పోయినా వీర్యం పాడవుతుంది. మూడోది, ఆవు మానం పేడ లేకుండా కడిగి తుడవాలి. స్ట్రా మీద జాతి గుర్తు, ఆంబోతు నంబరు, కేంద్రం పేరు, తేదీ ఉంటాయి. ఖాళీ స్ట్రాను పారేయనివ్వకండి. ఆ నంబరు నోటుబుక్కులో రాసుకుంటేనే రేపు దీని పెయ్యకు అదే ఆంబోతు వీర్యం పడకుండా ఆపగలరు. చెవి పోగులోని పన్నెండు అంకెల నంబరు మీద కూడా సూది వివరం ఎక్కించమని అడగండి.

పది సూదులకు నాలుగు నిలిస్తే మన పల్లెల్లో మంచి పనే. ఒకటి తప్పిందని బెంబేలెత్తకండి. ఒకేసారి రెండు స్ట్రాలు వేయించడం వల్ల లాభం లేదు. మర్నాటికి కూడా ఎద తీరకపోతే 24 గంటలకు ఇంకోటి వేయించడంలో అర్థం ఉంది. మూడుసార్లు తప్పితే నాలుగోది వేయించడం ఆపి, డాక్టరుకు చూపించండి. ఖనిజ లోపం, గర్భసంచి వాపు, అండం ఆలస్యంగా విడుదలవడం, ఇవే ఎక్కువ. పాలిచ్చే ఆవుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఆపకుండా ఇస్తే సగం బాధలు రానే రావు. చూలు నిలిచిన ఆవులు కూడా కొన్ని మళ్లీ ఎద లక్షణాలు చూపిస్తాయి. అనుమానం ఉంటే పరీక్ష లేకుండా రెండో సూది వేయించకండి, గన్ను గర్భంలోకి పోతే ఉన్న చూలు పోతుంది. ఎద తెప్పించే హార్మోన్ సూది కూడా అంతే, చూడి ఆవుకు పొరపాటున ఇస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భస్రావం అవుతుంది.

తేదీల లెక్క ఒకటి ఉదాహరణకు. నవంబరు 10న సూది వేయించారనుకుందాం. నవంబరు 28 నుంచి డిసెంబరు 4 దాకా రోజుకు మూడుసార్లు చూడండి, మళ్లీ డిసెంబరు 22 చుట్టూ చూడండి. రెండుసార్లూ ఎద లేకపోతే ఫిబ్రవరి మొదటి వారంలో డాక్టరు చేత చేతి పరీక్ష చేయించండి. జూన్ 18కి పాలు పిండటం ఆపి వట్టిపోనివ్వండి. ఆ రెండు నెలలు తల్లికి రోజుకు కిలో, కిలోన్నర దాణా అదనం. ఆగస్టు 17 అటూ ఇటూగా ఈనుతుంది. ఒంగోలు అయితే ఇంకో వారం పది రోజులు మోయొచ్చు. వానలకు పచ్చగడ్డి వచ్చే వేళకు పాలు పడతాయి. ఏప్రిల్, మే, జూన్‌లో వేయించిన సూదులు ఎండకు ఎక్కువగా తప్పుతాయి. ఆ నెలల్లో తప్పనిసరైతే తెల్లవారుజామునే వేయించి, ఆ వారమంతా ఆవు మీద రెండు పూటలా నీళ్లు పోయండి. రెండు ఆవుల ఈతల మధ్య ఐదారు నెలల ఎడం ఉండేలా కట్టించుకుంటే ఇంట్లో పాలు లేని రోజు ఉండదు. మీ పడ్డ ఇంకా బరువు చేరకపోవడం ఆ విధంగా కలిసొచ్చినట్టే.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఆ రెండున్నర నెలల పెయ్య గురించి. దానికి నాలుగు నిండి ఎనిమిది నెలల లోపు బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయించండి, పశువైద్యశాలలో ఉచితంగా వేస్తారు. కోడెదూడలకూ చూడి ఆవులకూ అది వేయకూడదు. కొట్టంలో ఏ ఆవైనా ఐదో నెల దాటాక ఈసుకుపోతే ఆ మాయనూ పిండాన్నీ ఉత్త చేతులతో తాకకండి, అది బ్రూసెల్లా వల్ల అయితే ఆ రోగం మనిషికీ వస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఆవును విడిగా కట్టి, పాలు బాగా మరగబెట్టే వాడండి.